‘నాట్ ప్రొవైడెడ్’ వెనుక: సెర్చ్ ఇంజన్ గోప్యతా మార్పులు, తెలుగు వెబ్‌సైట్లు - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాఠకుడు సెర్చ్ ఇంజన్‌లో టైపు చేసిన మాటలు అతడు చేరిన వెబ్‌సైట్‌కు తెలియడం ఒకప్పుడు అంతర్జాలంలో సర్వసాధారణం. 2011-2013 మధ్య గూగుల్ తెచ్చిన మార్పులతో ఆ సమాచారం ఆగిపోయింది. గోప్యతా పరిరక్షణ పేరుతో జరిగిన ఈ మార్పు ఎవరి నుండి ఏ సమాచారాన్ని తొలగించింది, ఎవరికి మిగిల్చింది అన్న విషయాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది. అరుదైన ప్రశ్నలను మరుగుపరిచే నియమం, వర్ణక్రమ వైవిధ్యం అధికంగా గల తెలుగు వంటి భాషలపై చూపే ప్రభావాన్ని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సెర్చ్ ఇంజన్, గోప్యత, రెఫరర్, కీవర్డ్, సెర్చ్ కన్సోల్, ఆప్టిమైజేషన్, తెలుగు వర్ణక్రమం.

1. ప్రవేశిక

ప్రాచీన కావ్యాలపై వ్యాసాలు ప్రచురించే ఒక చిన్న తెలుగు వెబ్‌సైట్‌ను ఊహించవచ్చు. 2010లో దాని నిర్వాహకుడు గూగుల్ అనలిటిక్స్ తెరిస్తే, పాఠకులు ఏయే మాటలు టైపు చేసి తన పుటకు చేరారో వరుసగా కనిపించేది. శ్రీనాథుని ‘కాశీఖండం’పై రాసిన పరిచయ వ్యాసానికి ‘కాశీఖండము టీకా తాత్పర్యము’ అని వెతికినవారు వస్తున్నారని తెలిస్తే, వారికి కావలసింది పరిచయం కాదని, టీక అని అతడు గ్రహించగలిగేవాడు. పుట శీర్షికను సవరించేవాడు, లేదా టీక రాయించేవాడు. ఆప్టిమైజేషన్ అనే మాటకు వ్యాపార వాసన ఎంత అంటుకున్నా, దాని మూలంలో ఉన్న పని ఇదే. పాఠకుడి మాటకు, రచయిత మాటకు మధ్య ఉన్న దూరాన్ని తెలుసుకుని తగ్గించడం.

2013 చివరి నాటికి అదే పట్టికలో గూగుల్ నుండి వచ్చినవారి ఎదురుగా దాదాపుగా ఒకే మాట మిగిలింది: ‘నాట్ ప్రొవైడెడ్’. అంటే ‘ఇవ్వబడలేదు’. ఎవరు ఇవ్వలేదో చెప్పకుండా తప్పించుకోవడానికి కర్మణి ప్రయోగం ఎంత అనువైనదో వ్యాకరణం బోధించేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ మార్పుపై చర్చ ఆనాడు రెండు పక్షాలుగా సాగింది. వెతికే వ్యక్తి ప్రశ్న అతడి సొంతమని, అది మూడో వ్యక్తికి చేరకపోవడమే మంచిదని ఒక పక్షం వాదించింది. తమ పుటలను మెరుగుపరచుకునే ఆధారం పోయిందని మార్కెటింగ్ వర్గాలు వాపోయాయి. రెండు వాదాలలోనూ సత్యం ఉంది. అయితే గోప్యత అనే ఒకే కారణం వేర్వేరు వర్గాల విషయంలో వేర్వేరు ఫలితాలను ఎలా ఇచ్చిందన్నది పరిశీలిస్తే గాని, ఈ మార్పు అసలు స్వభావం తేటపడదు.

2. రెఫరర్: లీకు అయినదీ, ఆధారమైనదీ ఒక్కటే

ఒక లింకును నొక్కినప్పుడు బ్రౌజర్ కొత్త వెబ్‌సైట్‌కు పంపే అభ్యర్థనలో, వినియోగదారుడు ఏ పుట నుండి వస్తున్నాడో ఆ పుట చిరునామా కూడా ఆ రోజుల్లో చేరేది. దీనినే రెఫరర్ అంటారు. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 ప్రమాణపత్రంలో ఈ ఇంగ్లీషు మాట ఒక ‘ఆర్’ లోపించి నమోదైంది. బ్రౌజర్లు నేటికీ ఆ తప్పుతోనే పంపుతున్నాయి. తర్వాతి కాలంలో వచ్చిన ‘రెఫరర్ పాలసీ’ అనే శీర్షికలో మాత్రం వర్ణక్రమం సరిగానే ఉంది. అచ్చుతప్పే ప్రమాణమైపోయిన ఇటువంటి సందర్భాలు సాంకేతిక చరిత్రలో అరుదు. ఇంతకన్నా గమనించదగినది మరొకటి ఉంది. లింకు ఎక్కడ నుండి వచ్చిందన్నది వ్యక్తిగత సమాచారం కావచ్చునని, దానిని పంపాలో వద్దో ఎంచుకునే వీలు వినియోగదారుడికి ఉండాలని అదే పత్రం హెచ్చరించింది. ఆ హెచ్చరికను బ్రౌజర్ల నిర్మాతలు చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు.

సెర్చ్ ఫలితాల పుట చిరునామాలోనే వెతికిన మాటలు ఉండేవి. కాబట్టి రెఫరర్ ద్వారా అవి యథాతథంగా వెబ్‌సైట్‌కు చేరేవి. తెలుగులో వెతికితే చిరునామాలో తెలుగు లిపి కనిపించదు. యూనికోడ్‌లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు, చిరునామాలో ఒక్కొక్క బైటుకు 3 గుర్తులు అవసరం. గుడింతాలతో కలిపి 6 సంకేతాలైన ‘తెలుగు’ అనే మాట సర్వర్ లాగ్‌లో 54 గుర్తుల వరుసగా నమోదవుతుంది. తెలుగు నిర్వాహకులకు ముడి లాగ్‌లు చదవడం కష్టమై, వాటిని విప్పి చూపే అనలిటిక్స్ వంటి సాధనాలపైనే ఆధారపడవలసి రావడానికి ఇది ఒక కారణం. ఆ సాధనం కూడా సెర్చ్ ఇంజన్ యజమానిదే కావడం గుర్తుంచుకోవలసిన విషయం.

3. అరుదైన ప్రశ్నే అసలైన ఆనవాలు

ప్రశ్నల గోప్యత ఊహాజనితమైన భయం కాదని 2006 ఆగస్టులో తేలింది. అమెరికన్ సంస్థ ఏఓఎల్, పరిశోధకుల ఉపయోగార్థం సుమారు 6,50,000 మంది వినియోగదారులు 3 నెలల కాలంలో చేసిన దాదాపు 2 కోట్ల శోధనలను బహిరంగంగా విడుదల చేసింది. పేర్లు తొలగించి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య కేటాయించింది. కొద్ది రోజులలోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక సంఖ్య వెనుక ఉన్న వ్యక్తిని గుర్తించారు. ఆమె జార్జియా రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో నివసించే 62 ఏళ్ల స్త్రీ. ఆమెను పట్టించినవి అందరూ వెతికే మాటలు కావు. తన ఊరి పేరు, తన ఇంటిపేరు గలవారి వివరాలు, తన చుట్టుపక్కల ఉండే అవసరాలు - కొద్దిమంది మాత్రమే వెతికే మాటలు.

పరిశోధనా ప్రయోజనం కోసం సదుద్దేశంతో చేసిన పని కూడా ఇంతటి హాని చేయగలదని విద్యారంగంలోని వారు ఈ ఘటన నుండి నేర్చుకున్నారు. ‘వాతావరణం’ అని వెతికినవారు లక్షల మంది. ఒక అరుదైన వ్యాధి పేరును ఒక మండలం పేరుతో కలిపి వెతికినవారు ఒక్కరే కావచ్చు. ప్రశ్న ఎంత అరుదైతే అది మనిషిని అంత స్పష్టంగా పట్టి ఇస్తుంది. చిన్న వెబ్‌సైట్‌కు అత్యంత విలువైనది కూడా ఆ అరుదైన ప్రశ్నే. అందరూ వెతికే మాటలకు పెద్ద సంస్థల పుటలు ముందు వరుసలో నిలుస్తాయి. చిన్న సైటును వెతుక్కుంటూ వచ్చేవాడు ప్రత్యేకమైన ప్రశ్నతోనే వస్తాడు. గోప్యతకూ, ఆప్టిమైజేషన్‌కూ మధ్య అసలైన ఘర్షణ ఇక్కడే ఉంది.

4. 2011 నిర్ణయం: తలుపు ఎవరికి మూశారు?

2010 మే నెలలో గూగుల్ ఎన్‌క్రిప్షన్‌తో కూడిన శోధనను ఒక ఐచ్ఛిక సదుపాయంగా ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం, వెతికిన మాటలను రెఫరర్ ద్వారా ఇతర సైట్లకు అందజేస్తోందన్న ఆరోపణతో కాలిఫోర్నియాలో ఆ సంస్థపై ఒక సామూహిక వ్యాజ్యం దాఖలైంది. 85 లక్షల డాలర్లకు కుదిరిన రాజీ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, ఫిర్యాదుదారులకు వాస్తవంగా నష్టం జరిగిందా అన్న ప్రాథమిక ప్రశ్నను తేల్చమని 2019లో ఆ కోర్టు కేసును కింది న్యాయస్థానాలకు తిప్పి పంపింది. రెఫరర్‌ను అడ్డుకోవాలన్న ఒత్తిడి వినియోగదారుల వైపు నుండి నిజంగానే ఉన్నదని దీనివల్ల అర్థమవుతుంది.

2011 అక్టోబరు 18న, గూగుల్ ఖాతాలోకి లాగిన్ అయినవారి శోధనలన్నిటికీ ఎన్‌క్రిప్షన్‌ను అప్రమేయంగా వర్తింపజేస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది. ఇకపై వెబ్‌సైట్లకు సందర్శకుడు గూగుల్ నుండి వచ్చాడని మాత్రమే తెలుస్తుంది, ఏమి వెతికాడో తెలియదు. అయితే ఆ ప్రకటనలోనే ఒక మినహాయింపు ఉంది. వినియోగదారుడు ప్రకటనపై నొక్కినట్లయితే, ప్రకటనదారుకు అతడి ప్రశ్న యథాప్రకారం చేరుతుంది.

ఈ మినహాయింపు ఎన్‌క్రిప్షన్ వల్ల అనివార్యంగా వచ్చిపడినది కాదు. ఆనాటి ప్రమాణాల ప్రకారం ఎన్‌క్రిప్ట్ అయిన పుట నుండి ఎన్‌క్రిప్షన్ లేని సైటుకు వెళ్తే రెఫరర్ పూర్తిగా ఆగిపోవాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్న మరో సైటుకు వెళ్తే ప్రశ్నతో సహా వెళ్లాలి. గూగుల్ అమలుపరచింది ఈ రెండూ కాదు. ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేకపోయినా సాధారణ సైట్లన్నిటికీ ప్రశ్న తీసివేసిన రెఫరర్‌ను, ప్రకటనదారులకు ప్రశ్నతో కూడిన రెఫరర్‌ను పంపే ఏర్పాటు చేసింది. అంటే ఇది సాంకేతికత విధించిన పరిమితి కాదు, సంస్థ తీసుకున్న నిర్ణయం. వెతికినవాడు అదే మనిషి, ప్రశ్న అదే, దాని సున్నితత్వం అదే. తెల్లకుష్ఠు చికిత్స గురించి వెతికి ఒక వైద్య కళాశాల పుటకు వెళ్తే ప్రశ్న రహస్యం, పక్కనే ఉన్న ప్రకటనపై నొక్కి ఒక క్లినిక్‌కు వెళ్తే బహిరంగం. గోప్యత వ్యక్తికి చెందిన హక్కు అయితే, అది అతడు నొక్కిన లింకుకు ఎవరు డబ్బు చెల్లించారన్న దానిపై ఆధారపడకూడదు.

ఆ సమయంలో ఈ మార్పు ప్రభావం పదిశాతానికి లోపే ఉంటుందని సంస్థ ప్రతినిధులు అంచనా వేశారు. 2012లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తన గూగుల్ శోధనను ఎన్‌క్రిప్షన్‌కు మార్చింది. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రాలు అమెరికా ప్రభుత్వ నిఘా విస్తృతిని బయటపెట్టాయి. అదే ఏడాది సెప్టెంబరు నాటికి, లాగిన్‌తో నిమిత్తం లేకుండా శోధనలన్నీ ఎన్‌క్రిప్షన్ పరిధిలోకి వచ్చాయి. దారిలో మాటు వేసి వినేవారి నుండి ఎన్‌క్రిప్షన్ కల్పించే రక్షణ నిజమైనది. దానిని తక్కువ చేసి చూడడం సరికాదు. అయితే ప్రశ్నను అందుకునే గూగుల్ నుండి అది ఏ రక్షణనూ ఇవ్వదు.

2014 ఏప్రిల్‌లో ప్రకటనల క్లిక్కుల రెఫరర్ నుండి కూడా ప్రశ్నను తొలగించారు. మొదటి అసమానత ఇక్కడితో చాలావరకు తగ్గిందని చెప్పడం న్యాయం. కానీ ప్రకటనదారులకు తమ ఖాతా నివేదికలో శోధన పదాలు కనిపిస్తూనే ఉన్నాయి. తగినంత మంది వెతికిన పదాలను మాత్రమే ఆ నివేదికలో చూపాలన్న పరిమితి 2020 సెప్టెంబరులో గాని రాలేదు. ఉచిత ఫలితాలకు వర్తించిన గోప్యత చెల్లించేవారి దాకా చేరడానికి దాదాపు 9 సంవత్సరాలు పట్టింది.

5. ఖాళీని నింపిన విపణి

కీవర్డ్ సమాచారం ఆగిపోవడం వల్ల వెబ్ రచనకు కొంత మేలు జరిగిందన్న వాదన ఉంది. ఒకే మాటను పుట నిండా దట్టించి ర్యాంకు సంపాదించే పద్ధతి అంతకుముందు ప్రబలంగా ఉండేది. 2013 సెప్టెంబరులోనే గూగుల్ ప్రకటించిన ‘హమ్మింగ్‌బర్డ్’ అల్గారిదం విడి మాటల కంటే మొత్తం ప్రశ్న భావానికి ప్రాధాన్యమిచ్చింది. నిర్వాహకులు మాటను వదలి విషయంపై దృష్టి పెట్టక తప్పలేదు. 2014 ఆగస్టులో హెచ్‌టీటీపీఎస్‌ను ఒక స్వల్ప ర్యాంకింగ్ అంశంగా ప్రకటించడం మరో మంచి పరిణామం. 2015 చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలైన తర్వాత చిన్న సైట్లకు కూడా అది భారం కాలేదు.

రెండో వైపు చిత్రం ఇంత ఆశాజనకంగా లేదు. సమాచారం అవసరమైనవారు దానిని మరో దారిలో కొన్నారు. వినియోగదారుల బ్రౌజింగ్ చరిత్రను సేకరించి విశ్లేషకులకు అమ్మే వ్యాపారానికి ఈ లోటు ఊతమిచ్చింది. యాంటీవైరస్ సంస్థ అవాస్ట్‌కు అనుబంధంగా ఉన్న జంప్‌షాట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. భద్రత కోసం జనం తమ కంప్యూటర్లలో పెట్టుకున్న సాఫ్ట్‌వేరే వారి క్లిక్కులను సేకరించింది. పత్రికా కథనాల అనంతరం 2020 జనవరిలో జంప్‌షాట్‌ను మూసివేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌పై 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు విధించింది. సెర్చ్ పుటను దాటని ప్రశ్నకు బదులు, మనిషి సందర్శించిన పుటల పరంపర మొత్తం విపణిలోకి వచ్చింది. ఒక చోట బిగించిన గోప్యత మరో చోట అంతకన్నా పెద్ద కన్నం వేయించిందన్న మాట. దీనికి పూర్తి బాధ్యత 2011 నిర్ణయానిదే అనలేము. ఆ విపణికి వేరే గిరాకీలు కూడా ఉన్నాయి. కానీ డబ్బు పెట్టగలవారికి సమాచారం అందుతూ, పెట్టలేనివారికే అందకుండా పోయిందన్న విషయంలో సందేహం లేదు.

6. పరిమితి రేఖ, తెలుగు వర్ణక్రమం

రెఫరర్ స్థానంలో గూగుల్ నిర్వాహకులకు చూపిన ప్రత్యామ్నాయం వెబ్‌మాస్టర్ టూల్స్. 2015లో దీని పేరు సెర్చ్ కన్సోల్‌గా మారింది. 2011లో ఇందులో గత 30 రోజుల ప్రధానమైన 1,000 ప్రశ్నలు కనిపించేవి. 2018 నుండి 16 నెలల సమాచారం అందుబాటులోకి వచ్చింది. ప్రశ్న ఏ సందర్శకుడిదో తెలియకుండా, మొత్తం సంఖ్యల రూపంలో మాత్రమే తెలుస్తుంది. గోప్యతకు, ఆప్టిమైజేషన్‌కు ఇది సమంజసమైన రాజీ అనిపిస్తుంది.

ఈ రాజీలో ఒక షరతు ఉంది. 2-3 నెలల కాలంలో కొన్ని డజన్ల మందికి మించి వెతకని ప్రశ్నలను ‘అజ్ఞాత ప్రశ్నలు’గా పరిగణించి పట్టికలో చూపబోమని సంస్థ తన వివరణ పత్రంలో చెబుతుంది. వాటి క్లిక్కులు మొత్తం లెక్కలో చేరతాయి గాని, వరుసలలో కనిపించవు. పట్టికలోని క్లిక్కులను కూడితే పైన చూపిన మొత్తానికి సరిపోకపోవడాన్ని చూసి, లెక్క తప్పిందని అనుకునే నిర్వాహకులు ఉంటారు. తప్పింది లెక్క కాదు.

ఏఓఎల్ ఉదంతాన్ని బట్టి చూస్తే ఇటువంటి పరిమితి అవసరమే. సమస్య పరిమితి ఉండడంలో లేదు, అది దేనిని లెక్కిస్తుందన్న దానిలో ఉంది. నివేదికలో ప్రశ్నలు టైపు చేసిన రూపంలోనే విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆధునిక తెలుగులో ఒకే మాటకు ఎన్ని రూపాలు చెలామణిలో ఉన్నాయో తెలుగు అధ్యాపకులకు తెలియనిది కాదు. పెళ్లి, పెళ్ళి, కాళ్లు, కాళ్ళు, ముకారాంతం, అనుస్వారాంతం, కలిపి రాసేవి, విడదీసి రాసేవి. ‘కాశీఖండం’ అన్న ఒక్క గ్రంథ నామమే కాశీఖండం, కాశీఖండము, కాశీ ఖండం, కాశీ ఖండము అని 4 విధాలుగా వస్తుంది. ముందు శ్రీనాథుని, శ్రీనాథుడి, శ్రీనాథ అనే మాటలలో ఒకటి చేరితే రూపాలు 12. రోమన్ లిపిలో టైపు చేసేవారిని కలిపితే ఈ సంఖ్యకు అంతు దొరకదు. దీర్ఘానికి ఒకరు ‘ఏ’ను రెండుసార్లు రాస్తారు, మరొకరు ఒకసారే. ‘శ’కు ఒకరు ‘ఎస్’ రాస్తే ఇంకొకరు ‘ఎస్ హెచ్’ రాస్తారు.

లెక్క కోసం ఒక సంఖ్య అనుకోవచ్చు. ఈ కావ్యం కోసం 3 నెలల్లో 120 మంది వెతికారనుకుంటే, అందరూ ఒకే రూపంలో టైపు చేసినట్లయితే ఆ ప్రశ్న పరిమితిని దాటి పట్టికలోకి వస్తుంది. అదే 120 మంది 12 రూపాలలో సమానంగా వెతికితే ఒక్కొక్క రూపానికి 10 మందే మిగులుతారు. 12 రూపాలూ మరుగున పడతాయి. ఇక్కడ కాపాడబడిన రహస్యం ఏమిటి? ఒక ప్రాచీన కావ్యం పేరు ఎవరి ఆనవాలునూ బయటపెట్టదు. ఏఓఎల్ ఘటనలో ప్రశ్న అరుదు కావడానికి కారణం మనిషి జీవితం. ఇక్కడ కారణం భాష లేఖన వ్యవస్థ. నియమం ఈ రెంటికీ భేదం చూడదు.

పెద్ద జనసంఖ్య, స్థిరపడిన వర్ణక్రమం ఉన్న భాషలకు ఈ నియమం స్వల్ప భారం. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం వంటి ప్రత్యయ ప్రధాన భాషలకు అది ఎక్కువ భారం. విభక్తి మారితే ప్రశ్న మారుతుంది, సంధి జరిగితే మళ్లీ మారుతుంది. ఫలితంగా తెలుగులో రాసే నిర్వాహకుడికి పట్టికలో మిగిలేవి ఎక్కువగా సినిమా పేర్లు, ప్రముఖుల పేర్లు, ఇంగ్లీషు మాటలు. ఎందుకంటే స్థిరమైన రూపంలో ఎక్కువమంది టైపు చేసేవి అవే. ఆ పట్టికను చూసి, పాఠకులకు కావలసింది ఇదే కాబోలు అని భ్రమపడే ప్రమాదం ఉంది. పుట శీర్షికలకు రోమన్ లిపి తగిలించడం, ఒకే వ్యాసంలో మాటను నాలుగు విధాలుగా రాయడం వంటి అలవాట్లు ఈ చీకటిలో తడుముకోవడమే. గిరాకీ కనిపించనందువల్ల గిరాకీ లేదన్న నిర్ణయానికి వచ్చి, సాహిత్య విమర్శ పుటలను నిర్వహించడం మానుకున్నా ఆశ్చర్యం లేదు.

7. చట్టాలు చూడని కోణం

భారతదేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఇవి వ్యక్తిని గుర్తించగల డేటాకు సంబంధించినవి. సమూహ రూపంలో ఉన్న శోధన సమాచారం ఎవరికి అందాలన్నది వీటి లక్ష్యం కాదు. ఐరోపా సమాఖ్య 2022 నాటి డిజిటల్ మార్కెట్ల చట్టంలో 6వ అధికరణం, అజ్ఞాతీకరించిన శోధన సమాచారాన్ని పోటీ సెర్చ్ ఇంజన్లతో న్యాయమైన షరతులపై పంచుకోవాలని నిర్దేశించింది. దాని అమలులో తలెత్తిన వివాదం కూడా పరిమితి రేఖ గురించే కావడం గమనార్హం. అరుదైన ప్రశ్నలను తొలగించిన డేటా తమకు ఉపయోగపడదని డక్‌డక్‌గో బహిరంగంగా విమర్శించింది. పోటీ సంస్థలకు అడిగే గొంతు ఉంది. చిన్న భాషలలోని ప్రచురణకర్తల పక్షాన అడిగేవారు కనిపించరు.

8. మరో విధంగా లెక్కించే అవకాశం

పరిమితిని తగ్గించమని కోరడం పరిష్కారం కాదు. అది అందరి గోప్యతను బలహీనపరుస్తుంది. మారవలసింది లెక్కించే ఏకాంశం. లిపి భేదాలు, వర్ణక్రమ భేదాలు, ముకార, అనుస్వార రూపాలను ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపును వెతికిన మనుషుల సంఖ్యకు అదే పరిమితిని వర్తింపజేయవచ్చు. నివేదికలో గుంపుకు ఒక ప్రామాణిక రూపాన్ని మాత్రమే చూపితే, వ్యక్తి టైపు చేసిన ప్రత్యేక రూపం ఎక్కడా బయటపడదు. వ్యక్తి పేరు, ఊరి పేరు కలిసిన ప్రశ్నకు ఎన్ని వర్ణక్రమ రూపాలు కలిపినా అది పరిమితిని చేరదు. కావ్యం పేరు చేరుతుంది.

ఇందుకు కావలసిన సామర్థ్యం సెర్చ్ ఇంజన్‌కు లేదని చెప్పడానికి వీల్లేదు. ‘కాశీఖండము’ అని టైపు చేసినవారికి ‘కాశీఖండం’ అని రాసిన పుటలను, రోమన్ లిపిలో వెతికినవారికి తెలుగు లిపిలోని పుటలను అది అనేక సందర్భాలలో చూపుతూనే ఉంది. అంటే ఫలితాలు చూపే వేళ ఈ రూపాలు ఒక్కటేనని దానికి తెలుసు. నిర్వాహకుడికి నివేదిక ఇచ్చే వేళ మాత్రం అవి పన్నెండు వేర్వేరు ప్రశ్నలు. రూప భేదాల పట్టికలను, మాండలిక పర్యాయాలను తయారుచేయగల విద్వత్తు తెలుగు శాఖలలో ఉంది. నిఘంటు నిర్మాణంలో, పాఠ పరిష్కరణలో పాఠాంతరాలను గుంపుగా చూపడం ఆ శాఖలకు తరతరాల అభ్యాసం. గోప్యతా నియమం తెలుగుకు ఎలా వర్తించాలో చెప్పే ఆ పట్టికను ఇంతవరకు కంప్యూటర్ శాస్త్ర విభాగాలు వారిని అడగలేదు, వారూ ముందుకు వచ్చి ఇవ్వలేదు.